ఎడమ పురి

రజని పగపడితే తొందరపడదు. ఆమెతో ఒకే పోర్షన్‌లో కిరాయికి ఉండి నేను కళ్లారా చూసిన సంగతి ఇది. మనలాంటి వాళ్లం కోపం వస్తే ఆ పూటే నాలుగు మాటలు అనేసి, అన్నం తిని పడుకుంటాం. ఆమె ఏమీ అనదు. అన్నం మాత్రం మామూలు కంటే ఎక్కువ తింటుంది. రెండోసారి పెట్టుకుందంటే ఎవరికో మూడిందని నాకు అర్థమైపోయేది.

ఇప్పుడామె సూర్యాపేటలో ఇంటర్ పిల్లలకు బాటనీ చెబుతోంది. నేను అదే కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. నా పేరు ఎస్తేరు. కిరణజన్య సంయోగక్రియ పాఠం వచ్చినప్పుడల్లా ఆమె పుస్తకంలో లేని బాక్టీరియాల గురించి ఎత్తుకుంటుంది, గంట కొట్టినా వదలదు. సిలబస్‌లో లేనిది ఎందుకు చెబుతున్నావని ప్రిన్సిపాల్ ఒకసారి అడిగాడు. మళ్లీ అడగలేదు. ఆమె అతని వైపు చూసిన చూపు నేను కూడా చూశాను.

ఆమెది మునగాల. తండ్రి ఐలయ్యకు గొర్రెల మంద ఉంది. తల్లి సైదమ్మ ఉన్ని వడుకుతుంది. రజని హైస్కూల్లో ఉండగా హైవే పక్క ధాబా యజమాని ఒకడు, తన మంచాల దగ్గరికి వచ్చాయని రెండు గొర్రెపిల్లల మీద కాగే గంజి పోశాడు. ఐలయ్య వెళ్లి తిట్టి వచ్చాడు. రజని తిట్టలేదు. ఆ ఎండాకాలమంతా సెలవుల్లో మందను తనే తోలింది, ప్రతి పొద్దునా, ప్రతి సాయంత్రమూ, సరిగ్గా ఆ ధాబా ముందు నుంచి. రోడ్డు అందరిదీ కాబట్టి వాడు ఆపలేకపోయాడు. మంచాల కింద పెంటికలు, గిన్నెల మీద దుమ్ము, పప్పులో ఉన్ని. బస్సులు అక్కడ ఆగడం మానేశాయి. వానాకాలం రాకముందే వాడు ధాబా ఎత్తేసి నకిరేకల్ వైపు పోయాడు. ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో కనిపించే తృప్తి, ఫస్ట్ క్లాసు వచ్చిన సంగతి చెప్పేటప్పుడు కూడా ఉండదు.

అలాంటి మనిషి జోలికి పోయాడు సుధాకర్ సారు.

సుధాకర్ సారుది కోదాడ. అన్నదమ్ములతో కలిసి అక్కడ డిగ్రీ కాలేజీ పెట్టాడు, దానికి ఒక రీసెర్చ్ సెంటర్ తగిలించాడు. అనంతగిరి దగ్గర భూములు, బత్తాయి తోట. ఎన్నికలొస్తే ఎవరి జీపులోనో ఒకరి జీపులో ముందు సీటు. ఎప్పుడో చేసిన పీహెచ్‌డీ ఉంది కాబట్టి రీసెర్చ్ విద్యార్థులకు గైడుగా ఉండే అర్హత ఉంది. రజని ఆయన దగ్గర చేరింది. మునగాల నుంచి ఒక గొర్రెలకాపరి కూతురు పరిశోధన చేస్తానని వచ్చిందని ఆయన చాలా సభల్లో చెప్పుకున్నాడు. ఆమెను వేదిక మీదకు పిలవకుండానే చెప్పుకున్నాడు.

పని మాత్రం ఆమె తనే వెతుక్కుంది. మిర్యాలగూడలో వడ్లు ఉడకబెట్టే మిల్లులు తెలియనివాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. వడ్లు నానబెట్టిన నీళ్లను వెనక గుంటల్లోకి వదులుతారు. ఆ నీళ్లు కుళ్లి, ఎండ తగిలి, కొన్నాళ్లకు బీట్‌రూట్ ఉడికించిన నీళ్లలా ఎర్రబడతాయి. అటు పోయేవాళ్లు ముక్కు మూసుకుంటారు. రజని చీర కొంగు దోపుకుని సీసాలతో గుంటలోకి దిగింది. ఆ ఎరుపు బాక్టీరియాది. మొక్కల్లాగే అవి కూడా వెలుతురు మీద బతుకుతాయి, కాకపోతే ఆక్సిజన్ వదలవు. పొలం బురదలో ఉంటాయి, చెరువు అడుగున ఉంటాయి, ఎక్కడ కంపు ఉంటే అక్కడ సుఖంగా ఉంటాయి.

వాటి లోపల వెలుతురు పట్టే ప్రొటీన్లు గుండ్రంగా, గొర్రెల దొడ్డికి దడి కట్టినట్టు నిలబడి ఉంటాయి. మధ్యలో అసలు యంత్రం. దడి పట్టిన వెలుతురు యంత్రానికి అందుతుంది, యంత్రం దాన్ని శక్తిగా మార్చే పని మొదలుపెడుతుంది. కొన్ని జాతుల్లో దడి పూర్తిగా మూసి ఉంటుంది. కొన్నింటిలో ఒకచోట సందు ఉంటుంది, లోపలి సరుకు బయటికి పోవడానికి. ఆ సందు ఎటు పక్కన ఉంది, దాని దగ్గర కాపలా ఉన్న ప్రొటీన్ ఏది అన్నది జాతి జాతికీ పోల్చి చూడటమే రజని పని. కంప్యూటర్ తెర మీద ఒక జాతి దడిని పెట్టి, దాని మీద ఇంకో జాతిది పెట్టి, ఎక్కడ కలిసింది, ఎక్కడ తప్పింది అని గంటల తరబడి చూసేది. మిర్యాలగూడ గుంటలో దొరికిన దాన్ని దాని చుట్టాలతో పోల్చి, మొదటి పేరు తనదిగా ఒక పత్రం అచ్చు వేయించుకుంటే ఆమెకు డాక్టరేట్ వస్తుంది. మొదటి పేరు ఇంకొకరిదైతే రాదు. నిబంధన అంత సూటిగా ఉంది.

కోదాడలో కరెంటు పోయినప్పుడల్లా ఐసు గడ్డల కోసం చేపల మార్కెట్‌కు పరుగెత్తుతూ ఆ ప్రొటీన్‌ను శుభ్రం చేసి నిలబెట్టింది. ఫొటోలు తీసే పెద్ద మైక్రోస్కోప్ బెంగళూరులో ఉంది. దాన్ని చూసుకునే నీలా మేడం నెల్లూరు మనిషి, మాట తక్కువ, పని ఖచ్చితం. రజని బెంగళూరు వెళ్లినప్పుడు సారు తన అల్లుడు కార్తీక్‌ను కూడా పంపాడు. కార్తీక్ పెట్టె మోశాడు, మైక్రోస్కోప్ ముందు సెల్ఫీ దిగాడు, ఇడ్లీ బాగున్న హోటల్ కనిపెట్టాడు. చెడ్డవాడని అనను. చేతికందింది వద్దనని రకం.

ఒక పొద్దున రజని సూర్యాపేటలోని మా పోర్షన్ నుంచి వెళ్లి కోదాడ బస్టాండ్‌లో దిగేసరికి ఎదురుగా ఫ్లెక్సీ. మిర్యాలగూడ బాక్టీరియా రహస్యాన్ని ఛేదించిన యువ శాస్త్రవేత్త కార్తీక్ గారికి హార్దిక శుభాకాంక్షలు. కార్తీక్ బొమ్మ నిలువెత్తున, సారు బొమ్మ మూలన గుండ్రంగా, కింద కాలేజీ సిబ్బంది ముఖాలు వరసగా. రజని ముఖం ఆ వరసలో కూడా లేదు.

పత్రాన్ని పత్రికకు పంపి, అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ల్యాబు కంప్యూటర్‌లో ఆమె తయారుచేసి ఉంచిన ఆకారాన్ని, ఆమె రాసుకున్న పోలికలను తీసుకుని, మొదటి పేరు కార్తీక్‌ది, చివరి పేరు సారుది పెట్టారు. అన్నిటికీ కింద, చిన్న అక్షరాల్లో, నీటి నమూనాలు తెచ్చి ఇచ్చినందుకు రజనికి కృతజ్ఞతలు.

ఆమె నేరుగా సారు గదికి వెళ్లింది. ఆయన కూర్చోమన్నాడు, మజ్జిగ తెప్పించాడు.

"చూడమ్మా రజనీ, కార్తీక్‌ని వచ్చే ఏడు ప్రిన్సిపాల్‌ని చేద్దామనుకుంటున్నాం. వాడికి ఇది అవసరం. నీకు తర్వాత ఇంకోటి చేద్దాంలే. నువ్వు మన ఇంటి పిల్లవే కదా," అన్నాడు.

ఆమె మజ్జిగ తాగి, గ్లాసు కడిగి పెట్టి వచ్చేసింది. ఆ రోజు ఇంట్లో వండిన అన్నం నాకు మిగల్లేదు.

నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. యూనివర్సిటీకి ఫిర్యాదు రాయమన్నాను, పేపర్ వాళ్లను పిలుద్దామన్నాను, ఆ ఫ్లెక్సీ మీద నేనే పేడ కొడతానన్నాను. ఆమె దేనికీ ఊ అనలేదు. బెంగళూరు ఫొటోల ప్రతి ఇంకొకటి ఆమె దగ్గర ఉంది. మా వీధిలో పెళ్లి వీడియోలు తయారుచేసే వాళ్ల దగ్గర గట్టి కంప్యూటర్ కిరాయికి తీసుకుని, అవే ఫొటోలతో మొదటి నుంచి మళ్లీ ఆకారం కట్టడం మొదలుపెట్టింది. సారు ఎత్తుకుపోయిన ఆకారం మసకగా ఉంది. దానికంటే స్పష్టమైనది తీసి ఆయన పత్రాన్ని చిన్నబుచ్చాలని ఆమె పట్టుదల. నిజానికి ఆమె వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి.

ఇది నేను ఫిజిక్స్ మనిషిగా చెప్పాలి. ఆ మైక్రోస్కోప్ ఇచ్చేది నీడలు. వేల నీడలను కలిపి కంప్యూటర్ ఒక ఆకారం కడుతుంది. కానీ నీడకు కుడి ఎడమ తెలియదు. నీ కుడిచేతి నీడ గోడ మీద పడితే అది కుడిచెయ్యో, తిప్పిపెట్టిన ఎడమచెయ్యో గోడ చెప్పలేదు. అందుకని కంప్యూటర్ ఒక్కోసారి అసలు ఆకారాన్ని ఇస్తుంది, ఒక్కోసారి అద్దంలో బొమ్మను ఇస్తుంది. రెండూ నీడలతో సరిపోతాయి. ఏది అసలో తేల్చుకునే బాధ్యత మనిషిది. ఆ ప్రొటీన్లలో తాడులా మెలితిరిగిన కడ్డీలు ఉంటాయి, సృష్టిలో వాటి పురి ఎప్పుడూ కుడికే. ఆకారం మసకగా ఉంటే అవి ఉత్త కడ్డీల్లా కనిపిస్తాయి, పురి కనపడదు. స్పష్టమైతే కనపడుతుంది. ఎడమకు తిరిగి ఉంటే చేతిలో ఉన్నది అద్దంలో బొమ్మ.

సైదమ్మ కదురు కుడికి తిప్పి వడుకుతుంది. వాళ్లింట్లో ఎడమ పురి దారం కాలు బెణికినప్పుడు మాత్రమే వడుకుతారు, చీలమండకు కట్టడానికి. ఆ దారం చూస్తూ పెరిగిన పిల్ల కాబట్టి తెర మీద కడ్డీ ఎడమ పురితో స్పష్టమైన క్షణంలోనే రజనికి తెలిసిపోయింది. సారు పంపిన ఆకారాన్ని దాని మీద పెట్టి చూసింది, రెండూ ఒకే వైపు తిరిగి సరిగ్గా కలిశాయి. నన్ను పిలిచి వేలితో చూపించింది.

"అక్కా, సారు అద్దంల బొమ్మను అచ్చుకు పంపిండు," అంది.

నాకు మొదట ఎక్కలేదు. అప్పుడామె పత్రం తెరిచి చదివి వినిపించింది. ఇప్పటిదాకా తెలిసిన చుట్టాలన్నిటిలో సందు ఒక పక్కన ఉంటే, మిర్యాలగూడ బాక్టీరియాలో అది ఎదురు పక్కన ఉందట. సృష్టిలోనే ఇది వింత అట. ఫ్లెక్సీ మీద ఛేదించిన రహస్యం అదే. ఆకారాన్ని తిప్పి పెడితే సందు మిగతావాటికి ఉన్నచోటే ఉంటుంది. వింతా లేదు, రహస్యమూ లేదు. రజని ఇంకా తేల్చుకోని ఆకారాన్ని దొంగిలించినవాడు, తేల్చుకోవాలని కూడా తెలియక అచ్చుకు పంపాడు.

ఇద్దరం నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు తుడుచుకున్నాం. ఆయనకు చెప్పాల్సిన పని మాకేముంది? ఏప్రిల్ చివర కోదాడ కాలేజీలో జాతీయ సదస్సు. ముఖ్య అతిథి నీలా మేడం. ఊరి పెద్దలంతా వస్తారు. కార్తీక్ పత్రం చదవగానే రజని సభలో లేచి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది: కడ్డీల పురి ఎటు తిరిగింది, చూపిస్తారా అని. ఆ తర్వాత నీలా మేడం చూసుకుంటుంది. ఆ ప్రశ్నను రజని అద్దం ముందు ఎంత మర్యాదగా అడగాలో సాధన చేసింది. నేను సుధాకర్ సారులా ముఖం పెట్టి నీళ్లు నమిలేదాన్ని. ఆ నెల రోజుల్లో ఆమె కాస్త ఒళ్లు కూడా చేసింది. పగ కూడా మనిషికి బలమే, ఎవరేమనుకున్నా నేను అంటాను.

అంతలో ఐలయ్యకు తెలిసింది. బిడ్డ పేరు వేయలేదని సైదమ్మ చెప్పింది. ఆ మనిషికి బాక్టీరియా తెలియదు, పత్రం తెలియదు. బిడ్డ కష్టం ఇంకొకరి పేరున పోయిందన్న ముక్క మాత్రం బాగా అర్థమైంది. ఈసారి ఆయన కూడా ఎవరినీ తిట్టలేదు. రజని ఎవరి పోలికో నాకు అప్పుడు తెలిసింది.

మా వైపు ఎండాకాలం రైతులు పొలాల్లో, తోటల్లో మంద పెట్టించుకుంటారు. గొర్రెలు రాత్రిళ్లు అక్కడే పడుకుంటాయి, వాటి ఎరువు భూమికి దక్కుతుంది. సుధాకర్ సారు బత్తాయి తోటలో ఐలయ్య, ఆయన పాలివాళ్లు ఏళ్ల తరబడి మంద పెడుతున్నారు. ఆ తోట చూసుకునేది సారు భార్య కౌసల్యమ్మ. యూరియా గింజ వేయని బత్తాయిలని హైదరాబాద్‌కు పంపి పేరు తెచ్చుకున్న మనిషి. ఆ ఏడు కబురు పెడితే ఐలయ్య స్వయంగా వెళ్లి, గేటు బయటే నిలబడి చెప్పి వచ్చాడట.

"మా పిల్ల పేరు మీ కాయితంల లేదంట కదమ్మా. మా మంద గూడ మీ తోటల ఉండది."

పాలివాళ్లంతా అదే మాట మీద నిలబడ్డారు. పెద్దవూర దాకా మనిషిని పంపినా ఏ మందా రాలేదు. కౌసల్యమ్మ భర్తను అన్నం దగ్గర నిలదీసిందని ఆ ఇంట్లో పనిచేసే ఆమె తర్వాత నవ్వుతూ చెప్పింది. పేరు పెడితే మీ సొమ్మేం పోతుంది, చెట్లు ఎండిపోతే మీ బాక్టీరియా వచ్చి కాయలు కాస్తాయా అని అడిగిందట. పత్రిక నుంచి ఆఖరి ప్రతి ఇంకా రాలేదు. పేర్లు మార్చుకునే వీలుంది. సారు మార్చాడు. మొదటి పేరు రజని, రెండోది కార్తీక్, చివర తను.

ఫోన్ చేసి ఆయనే చెప్పాడు. ఇప్పుడు సంతోషమేనా అమ్మా అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి గోడకు ఆనుకుని అలాగే కూర్చుంది. ఆమె ముఖం అంత పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఎంతగానో కోరుకున్న ఆ పేరు వచ్చింది, మొదటి చోటే వచ్చింది. వచ్చి కూర్చున్నది తప్పు బొమ్మ నెత్తిన. అది తప్పని తెలిసింది మా ఇద్దరికే.

మర్నాడు ఐలయ్య, సైదమ్మ పొట్టేలు మాంసం పట్టుకుని సూర్యాపేట వచ్చారు. మందను అనంతగిరి తోటకు తోలేశానని, పేరు పెడితే మంద పెడతానని మాట ఇచ్చాక ఆలస్యం చేయకూడదని ఆయన అన్నాడు. బిడ్డ తల మీద చెయ్యి పెట్టి, నీ పేరు నీకు తెచ్చిన అన్నాడు. ఆమె తల ఊపింది. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను, అక్కడ నిలబడలేక.

వాళ్లు వెళ్లాక నేను సలహా ఇచ్చాను. పేరు దక్కింది, డాక్టరేట్ దక్కుతుంది. సారుకు చాటుగా చెప్పు, ఆకారం తిప్పి పెట్టి దిద్దుకుంటారు, వింత పోయినా పత్రం నిలుస్తుంది అన్నాను. ఆ మాట చెప్పడం నాకే చప్పగా అనిపించింది, కానీ నిజంగా ఆమె మంచి కోరే చెప్పాను.

"చాటుగ చెప్తే ఆయన గూడ బయటపడ్తడు కద అక్కా," అంది. మాంసం గిన్నె మీద మూత పెడుతూ, "పేరు నా పనికియ్యలే. గొర్రె పెంటికలకిచ్చిండు. నేను తీస్కుంటనా?" అంది.

ఆమె కళ్లలో ఉన్నది నాకు తెలిసిన కసే, కానీ ఈసారి దాన్ని చూస్తే నవ్వు రాలేదు.

సదస్సు రోజు హాలు నిండిపోయింది. ఐలయ్య తెల్ల పంచె, కొత్త కండువాతో వచ్చాడు, వెనకే పాలివాళ్లు. ఆయన నా పక్కన కూర్చున్నాడు, సైదమ్మ అవతలి వరసలో. తెర మీద ఇంగ్లీషులో పేర్లు పడగానే ఏదని అడిగాడు. మొదటిదని వేలు పెట్టి చూపించాను. అక్కడి నుంచి ఆయన చూపు తిప్పలేదు.

సుధాకర్ సారు మైకు ముందు ఉదారంగా కరిగిపోయాడు. మునగాల మట్టిలో పుట్టిన మాణిక్యమని, మొదటి పేరు తానే పట్టుబట్టి పెట్టించానని చెప్పి, రజనికి శాలువా కప్పి మాట్లాడమన్నాడు. కార్తీక్ పక్కకు జరిగి చప్పట్లు కొట్టాడు. రజని శాలువా తీసి మడతపెట్టి బల్ల మీద ఉంచింది. తన పెన్ డ్రైవ్ పెట్టి స్పష్టమైన ఆకారం తెరిచింది. ఒక కడ్డీని తెర నిండా పెద్దది చేసింది.

ఇది ఎడమకు తిరిగిందని, అంటే ఇది అద్దంలో బొమ్మ అని, దీన్ని తిప్పి పెట్టాలని ఆమె పాఠం చెప్పినంత నింపాదిగా చెప్పింది. తిప్పి చూపించింది. సందు చుట్టాలన్నిటికీ ఉన్న పక్కకే వచ్చి నిలబడింది. పత్రంలో ఉన్న వింత వింత కాదని, తప్పని చెప్పింది. ముందు వరసలో ఉన్న పరిశోధకులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. సారు ముఖం మాడిపోయింది, కానీ గట్టివాడు, వెంటనే తేరుకున్నాడు. సైన్సులో పొరపాట్లు సహజమని, తన విద్యార్థినే కనిపెట్టినందుకు గర్వంగా ఉందని, అందరం కలిసి దిద్దుకుంటామని నవ్వాడు. అంత తేలిగ్గా జారిపోతాడని నేను అనుకోలేదు.

అప్పుడు నీలా మేడం మైకు తీసుకుంది.

"ఇది మీకు ఎప్పుడు తెలిసింది రజనీ?"

"నిన్నో మొన్నో తెలిసుంటుంది మేడం. లేకపోతే మాకు చెప్పేది కదా," అని సారు అందుకున్నాడు. ఆయన రజని వైపు చూసిన చూపులో బతిమాలడం ఉంది, బెదిరింపు కూడా ఉంది. తప్పించుకునే తలుపు తీసి పట్టుకున్నాడు, ఇద్దరం బయటపడదాం రమ్మని. ఆమె ఊ అంటే చాలు. పేరు ఉంటుంది, డాక్టరేట్ ఉంటుంది.

"పత్రం పంపిన వారానికే తెలుసు మేడం. ఊకున్న," అంది రజని. "అప్పుడు అండ్ల నా పేరు లేదు. నన్నెవ్వరు అడగలే. పని నాది, పేరు సారు అల్లునిది. తర్వాత మా నాయిన సారు తోటల మంద పెట్టనంటే, అప్పుడు నా పేరు పెట్టిన్రు."

వెనక వరసలో పాలివాళ్లు అవునవునని తలలూపారు, గొప్పగా. ఊరి పెద్దల్లో ఎవరో ఫక్కున నవ్వారు, నవ్వు హాలంతా పాకింది. పేరు ఎరువుకు అమ్ముకున్నాడన్న మాట ఆ సాయంత్రానికే కోదాడ అంతా తిరిగిందని తర్వాత విన్నాను. కార్తీక్ ఎటు చూడాలో తెలియక తన చెప్పులు చూసుకున్నాడు. ఆ క్షణాన్ని నేను దాచుకున్నాను, ఇప్పటికీ అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను.

నీలా మేడం నవ్వలేదు. పత్రాన్ని వెనక్కి తీసుకోమని తానే పత్రికకు రాస్తానంది. పేర్లన్నీ పోతాయంది. ఇంకొకరి పని దొంగిలించడం ఎంత తప్పో, తప్పని తెలిసి బయటికి పోనివ్వడం కూడా అంతే తప్పంది.

"మా దగ్గర తీసిన ఆ ఫొటోలు మీరు కూడా ఇక వాడుకోవడానికి వీల్లేదు రజనీ. థీసిస్‌కి కూడా."

రజని సరే మేడం అంది. దెబ్బ ఎక్కడ తగులుతుందో ముందే తెలిసి నిలబడ్డ మనిషిలా ఉంది ఆమె. దిగి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. ఎవరో ప్రొజెక్టర్ ఆపేశారు.

భోజనాలకని అందరూ షామియానా వైపు కదిలారు. ఐలయ్య కదల్లేదు. ఖాళీ తెర వైపు చూస్తూ అడిగాడు.

"నా బిడ్డ పేరు తీసేసిన్రా?"

"తీసేస్తరు పెదనాయినా," అన్నాను.

ఆయన కండువా తీసి నడుముకు బిగించాడు. "సుధాకర్ పటేలేనా తీసింది? సెప్పు బిడ్డా. మంద ఇంక ఆడనే ఉన్నది. ఇయ్యాల్నే లేపుత."

"పటేలు కాదు పెదనాయినా. రజనే తీయించుకున్నది. ఆయన్ను పడగొట్టాలంటే తను గూడ పడాలె. పడ్డది."

వరసల అవతల కూతురు తల్లితో ఏదో మాట్లాడుతోంది, ముఖం తేటగా ఉంది. ఆయన ఆమెను చూశాడు, వేదిక మీద ఒంటరిగా కాగితాలు సర్దుకుంటున్న సుధాకర్ సారును చూశాడు, మళ్లీ నా వైపు తిరిగాడు.

"గట్లయితే ఈ పగ నేనెవరి మీద తీర్సుకోవాలె బిడ్డా?"